తార్నాకలో మేము విన్న రెండో ఆల్బం

ఈ పుస్తకంలో రేల పాట గురించి రాసేవాళ్లున్నారు, గుస్సాడి గురించి రాసేవాళ్లున్నారు. మేము ఇంగ్లండు రాక్ బ్యాండు గురించి రాస్తామంటే సంకలనం చూస్తున్న అన్న ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాయండి, కానీ మన పిల్లలకి అర్థమయ్యేటట్టు రాయండి" అన్నాడు.

మేము అంటే ముగ్గురం. ఒకరిది ఉట్నూరు దిక్కు గోండు గూడెం. ఒకరిది ఏటూరునాగారం దగ్గరి కోయపల్లె. ఒకరిది కూనవరం మండలంలో గోదారి ఒడ్డున ఉన్న ఊరు. ఉన్న అని రాశాం గానీ ఆ ఊరివాళ్లు ఇప్పుడు అక్కడ లేరు, ఆ సంగతి ముందు వస్తుంది. 2015లో పీజీ చదువుకోవడానికి ఉస్మానియాకి వచ్చి ఒకే హాస్టలు గదిలో పడ్డాం. చదువు అయ్యాక మల్కాజ్‌గిరిలో రైలు పట్టాల పక్క ఒక అద్దె గదిలో ఉండి ఉద్యోగాల పరీక్షలకి చదివాం. మాతోపాటు నాలుగోవాడు కూడా ఉన్నాడు, కోయ పిల్లోడే. వాడు రాయడానికి ఒప్పుకోలేదు. "నా సంగతి మీరే రాయండి, పేరు మాత్రం పెట్టకండి" అన్నాడు.

ఆల్బం పేరు క్లోసర్. బ్యాండు పేరు జాయ్ డివిజన్. 1980 జూలై 18న ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేసింది. తొమ్మిది పాటలు, ముప్పావుగంటకి కొంచెం తక్కువ. వాళ్లకి అది రెండో ఆల్బం. మొదటిది అన్‌నోన్ ప్లెజర్స్, 1979 జూన్‌లో వచ్చింది. రెండోది దుకాణాలకి వచ్చేసరికి పాటలు రాసి పాడిన అయాన్ కర్టిస్ లేడు. రెండు నెలల ముందు, మే 18న, ఇరవై మూడేళ్లకే ప్రాణం తీసుకున్నాడు. విడుదలకి మూడు రోజుల ముందు వాడి పుట్టినరోజు వచ్చిపోయింది.

ఇంగ్లీషు పంతుళ్లకి ఒక మాట. ఆ పేరుని ఇంకాస్త దగ్గరగా అనే అర్థంలో చదివితే క్లోసర్. మూసేది, ముగించేది అనే అర్థంలో చదివితే క్లోజర్. అక్షరాలు అవే, నోరు మారితే అర్థం మారుతుంది. కోయమాటని తెలుగు అక్షరాల్లో రాసేటప్పుడు మనకీ ఇదే తిప్పలు కాబట్టి మాకు ఆ పేరు తొందరగా గుర్తుండిపోయింది.

దాన్ని మాకు వినిపించింది తెల్లోళ్లు కాదు, నగరం పిల్లలు కూడా కాదు. మిజోరం నుంచి వచ్చిన ఒక ఆదివాసీ మిత్రుడు. తార్నాక వైపు, మా క్యాంపస్‌ని ఆనుకునే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. అందరూ ఇఫ్లూ అంటారు. 1958లో ఇంగ్లీషు పంతుళ్లకి శిక్షణ ఇవ్వడానికి పెట్టిన సంస్థే 2007లో ఆ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. అక్కడ ఈశాన్యం పిల్లలు చాలామంది చదువుతారు. సాయంత్రం తార్నాక చౌరస్తాలో చాయ్ దగ్గర కలిసేవాళ్లం. వాళ్లకి తెలుగు రాదు, మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, హైదరాబాదు హిందీ ఇద్దరినీ కలిపింది. "మీరు ట్రైబ్, మేమూ ట్రైబ్, మరి మీ బ్యాండు ఎక్కడ?" అని అడిగాడు మొదటి రోజే. ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. వాళ్ల ఊళ్లలో చర్చిలో గిటారు ఉంటుంది, ప్రతి వీధిలో ఒక బ్యాండు ఉంటుందట. వాళ్లకి రాక్ పరాయి సంగీతం కాదు, మేనమామ వాయించే సంగీతం.

మా క్యాంపస్‌లో సంగతి వేరు. సాంస్కృతిక ఉత్సవం అంటే చాలు, మమ్మల్ని పిలిచి కొమ్ములు పెట్టుకోమంటారు, నెమలి ఈకల టోపీ తెమ్మంటారు. గుస్సాడి టోపీ దండారిలో దీక్షపట్టి పెట్టుకునేదని, దానికి ముందు పూజ, తర్వాత పూజ ఉంటాయని ఉట్నూరు వాడు చెప్తే "ఐదు నిమిషాలే కదా తమ్మి" అంటారు. ఆదివాసీ అంటే పాత పాటే పాడాలి, కొత్త పాట వినడానికి కూడా మాకు అనుమతి లేదన్నట్టు చూస్తారు. అందుకే మిజో మిత్రుడి ప్రశ్న మాకు బాగా నచ్చింది. 2016 చివర్లో జియో సిమ్ములు ఉచితంగా వచ్చాయి. అప్పట్నుంచి వాడు పేరు చెప్పిన పాటలన్నీ గదిలో ఒకటే ఫోనులో, స్టీలు గ్లాసులో ఫోను నిలబెట్టి విన్నాం. గ్లాసులో పెడితే శబ్దం పెద్దగా వస్తుంది.

మొదటి పాట అట్రాసిటీ ఎగ్జిబిషన్. పేరు జె.జి. బల్లార్డ్ అనే రచయిత పుస్తకానిది. అందులో గిటారు మిషను రంపం లాగా కోస్తుంటుంది, కింద డ్రమ్ములు మాత్రం ఆగకుండా ఒకే చుట్టు చుట్టుకుంటూ పోతాయి. ఉట్నూరు వాడు లేచి కూర్చున్నాడు. "గిది గుమేల కొట్టేటోళ్ల చెయ్యిరా" అన్నాడు. దండారిలో గుమేల దరువు ఎంతకీ తెగదు, దానిమీదనే అడుగు నడుస్తుంది. ఇక్కడా అంతే. ఆ పాటలో గిటారు వాయించాల్సిన బెర్నార్డ్ సమ్నర్ బేస్ పట్టుకుని, బేస్ వాయించే పీటర్ హుక్ గిటారు పట్టుకున్నారని తర్వాత చదివాం. చేతులు మార్చుకుని వాయించారు. చేతకానితనంలోంచి కొత్త శబ్దం పుట్టించడం ఈ బ్యాండుకి అలవాటు. హుక్ దగ్గరున్న ఆంప్లిఫయరు చవకది, కింది స్వరాలు గిటారు మోతలో వినిపించేవి కావు. అందుకని వాడు బేస్ మీద పై స్వరాలే వాయించడం మొదలుపెట్టాడు. రాగం బేస్‌కి వచ్చింది, గిటారు పక్కకి జరిగింది. ఇవాళ ప్రపంచంలో ఎంతమందో ఆ పద్ధతిని అనుకరిస్తున్నారు. పేదరికం వల్ల పుట్టిన పద్ధతి అది.

వీళ్లని పోస్ట్-పంక్ అంటారు. పంక్ అంటే 1976 ప్రాంతంలో ఇంగ్లండులో వచ్చిన గోల సంగీతం. మూడు స్వరాలు వస్తే చాలు, కోపం ఉంటే చాలు, బ్యాండు పెట్టుకోవచ్చు అన్నారు. ఆ ఏడాది జూన్ 4న మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ కచేరీకి కొద్దిమందే వచ్చారు. వచ్చినవాళ్లలో సమ్నర్, హుక్ ఉన్నారు. మర్నాడే హుక్ బేస్ గిటారు కొనుక్కున్నాడు. అలా మొదలైనవాళ్లు రెండేళ్లలో ఆ గోలని వదిలి, వేగం తగ్గించి, మధ్యలో ఖాళీ వదలడం నేర్చుకున్నారు. పంక్ తర్వాతది కాబట్టి పోస్ట్-పంక్. బ్యాండు పేరు మాత్రం మాకు నచ్చలేదు. నాజీ శిబిరంలో సైనికుల కోసం బంధించిన ఆడవాళ్ల విభాగానికి ఒక నవలలో ఉన్న పేరు అది. కుర్రతనంలో పెట్టుకున్నారు. ఎవరి బాధనో పేరుగా పెట్టుకోవడం తేలికని, మన ఊళ్ల పేర్లు, మన వీరుల పేర్లు వాడుకునేవాళ్లని చూస్తున్న మనకి తెలియనిది కాదు.

ఆ ఆల్బంలో నాలుగో పాట పేరు కాలనీ.

కూనవరం వాడు ఆ పేరు చూసి నవ్వాడు. వాళ్ల ఇంట్లో ఆ మాట రోజుకి పదిసార్లు వినపడుతుంది. గోదారి మీద కట్టే ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ అవుతాయని వాడు బడిలో ఉన్నప్పట్నుంచీ విన్నాడు. 2014లో వాళ్ల మండలం తెలంగాణ నుంచి ఆంధ్రకి పోయింది. అంటే వాళ్లు ఊరు కదలకముందే రాష్ట్రం కదిలింది. తర్వాత ఊరు కదిలింది. ఇప్పుడు వాళ్ల చిరునామాలో ఊరి పేరు పక్కన పునరావాస కాలనీ అని ఉంటుంది. వరుసగా ఒకే కొలత ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య సిమెంటు దారి. ఇప్పచెట్టు లేదు, భూమి పండగ చేసుకునే చోటు లేదు. రేల ఆడాలంటే వలయం తిరగడానికి జాగా కావాలి, అక్కడ వీధి వెడల్పు చాలదు. పది మంది చేతులు పట్టుకుంటే గోడ తగులుతుంది. వాడు చెప్పింది మాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

ఇంగ్లీషులో ఆ పాట పేరుకి అర్థం వేరే. శిక్ష పడినవాళ్లని పెట్టే చోటు గురించి కాఫ్కా రాసిన కథని గుర్తుచేస్తుందంటారు. కానీ ఆ బ్యాండు పిల్లలు కూడా కూల్చిన పేటల్లోంచి వచ్చినవాళ్లే. సమ్నర్ పెరిగింది శాల్ఫర్డ్‌లో, ఫ్యాక్టరీల పక్క ఇటుక ఇళ్ల వరుసల్లో. 1960లు, 70లలో ఆ వరుసలని పాతబడ్డాయని పడగొట్టి మనుషులని ఎత్తైన బహుళ అంతస్తుల మేడల్లోకి పంపారు. సమ్నర్ కుటుంబం కూడా అలాగే పోయింది. చుట్టాలు, ఇరుగుపొరుగు, ఆడుకున్న వీధి ఏదీ మిగలలేదని, జాయ్ డివిజన్ పాటల్లో ఉన్న బెంగలో కొంత అక్కడిదేనని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. మాకు ఈ సంగతి తెలిసిన రోజున ఆ సంగీతంలో ఖాళీలు వేరుగా వినిపించాయి. డ్రమ్ము దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీ, అంతస్తుల మేడలో నడవా లాగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది చదివినప్పుడు ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పాటలు రాసిన కర్టిస్ రాత్రి గాయకుడు గానీ పగలు సర్కారు ఉద్యోగి. మాకిల్స్‌ఫీల్డ్ ఊళ్లో ఉపాధి కార్యాలయంలో వికలాంగులకి పని చూపించే విభాగంలో సహాయ అధికారి. ఆ పదవి పేరులో రీసెటిల్‌మెంట్ అనే మాట ఉంది. మన కాగితాల్లో దాన్నే పునరావాసం అంటారు. బల్లకి అవతల కూర్చున్నవాళ్ల బాధ వినడం వాడి ఉద్యోగం. అక్కడికి పని కోసం వచ్చే ఒక అమ్మాయికి మూర్ఛ ఉండేది. కొన్నాళ్లు రాలేదు. వేరే చోట పని దొరికిందేమో అనుకున్నాడు. మూర్ఛ వచ్చి చనిపోయిందని తర్వాత తెలిసింది. మొదటి ఆల్బంలో ఒక పాట ఆ అమ్మాయి గురించే. కొద్దికాలానికి వాడికే మూర్ఛ వచ్చింది. 1978 డిసెంబరు ఆఖర్లో, లండన్‌లో కచేరీ చేసి తిరిగొస్తుంటే కారులో మొదటిసారి వచ్చింది. జనవరిలో డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు.

ఇక్కడ మా నాలుగోవాడి సంగతి చెప్పాలి.

వాడికి పన్నెండేళ్లప్పట్నుంచీ ఫిట్స్. ఊళ్లో దేవత పట్టిందన్నారు, పూజలు చేశారు, మేకని ఇచ్చారు. బడి హాస్టల్లో మాత్రం పక్కన పడుకోవడానికి పిల్లలు భయపడ్డారు, పెద్దవాళ్లు ఇంటికి పంపమన్నారు. రెండేళ్లు చదువు పోయింది. తర్వాత భద్రాచలంలో ఒక డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. మాత్రలు వేసుకున్నన్నాళ్లు రావు. హైదరాబాదు వచ్చాక మాత్రల డబ్బులు పుస్తకాలకి పోయేవి, రాత్రి నిద్ర ఉండేది కాదు, మళ్లీ మొదలయ్యాయి. హాస్టలు మెస్సులో ఒకసారి పడిపోతే ఎవరో పరుగున వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఇంకొకరు నోట్లో చెంచా పెట్టబోయారు. మేము ఆపి, పక్కకి తిప్పి పడుకోబెట్టాం.

ఈ పుస్తకం పంతుళ్ల చేతికి వెళ్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాం. ఇనుము పెడితే ఆగదు. ఉల్లిపాయ వాసన చూపిస్తే ఆగదు. నోట్లో ఏదీ పెట్టకూడదు, పళ్లు విరుగుతాయి, ఊపిరి అడ్డుపడుతుంది. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోకూడదు. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, చుట్టూ ఉన్న బల్లలు జరిపి, ఒక పక్కకి తిప్పాలి. ఎంతసేపు వచ్చిందో గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పోవాల్సిందే. సరైన మందు క్రమంగా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. ఆశ్రమ పాఠశాలలో ఇలాంటి పిల్ల ఉంటే ఇంటికి పంపడం కాదు, మాత్ర వేసుకుందో లేదో రాత్రి అడగడం పంతులమ్మ పని.

కర్టిస్‌కి మందులు ఇచ్చారు, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి. తొందరగా పడుకో, మద్యం వద్దు, మెరిసే దీపాల దగ్గరికి పోకు అన్నారు. రాత్రి పన్నెండింటికి రంగుదీపాల కింద పాడేవాడికి ఈ సలహాలన్నీ ఎక్కడ కుదురుతాయి? ఇంట్లో ఏడాది నిండని పాప. ఉద్యోగం. దానికి తోడు ఇంటి గొడవలు. 1980 మార్చి రెండో సగంలో లండన్ వెళ్లి, బ్రిటానియా రో అనే స్టూడియోలో ఈ రెండో ఆల్బం రికార్డు చేశారు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు కట్టుకున్న స్టూడియో అది. దాదాపు రెండు వారాల పని. ఏప్రిల్‌లో మళ్లీ కచేరీలు. ఒకే రాత్రి రెండు చోట్ల పాడారు, స్టేజీ మీదే మూర్ఛ వచ్చింది. ఏప్రిల్ 8న బరీ ఊళ్లో నిలబడలేని మనిషి రెండు పాటలు పాడి దిగితే, మిగతా పాటలు వేరేవాళ్లు పాడారని జనం సీసాలు విసిరారు. అప్పుడే వాడు ఆసుపత్రి నుంచి వచ్చాడు. మే నెలలో అమెరికా ప్రయాణం పెట్టుకున్నారు. బయల్దేరడానికి ముందు రోజే అయిపోయింది.

ఇక్కడ్నించే మా ముగ్గురికీ వాదన మొదలయ్యేది, మల్కాజ్‌గిరి గదిలో ఎన్నో రాత్రులు జరిగింది. ఆ ఆల్బం గురించి ఎక్కడ చదివినా, ఎవరిని అడిగినా, ముందు చావు చెప్తారు, తర్వాత పాట చెప్తారు. ప్రతి వరుసలో చావుని వెతుకుతారు. అట్టమీద బొమ్మ కూడా దానికి సాయం చేసింది. ఇటలీలో జెనోవా ఊరి స్టాలియెనో శ్మశానంలో ఒక ధనిక కుటుంబం సమాధి. చనిపోయినవాడి చుట్టూ ఒంగి ఏడుస్తున్న రాతి మనుషులు. బెర్నార్ పియెర్ వుల్ఫ్ అనే ఫోటోగ్రాఫర్ 1978లో తీసిన ఫోటో. కర్టిస్ బతికుండగా బ్యాండు అంతా కలిసి ఎంచుకున్న బొమ్మ అది. వాడు పోయాక ఆ అట్ట చూసినవాళ్లకి, చావుని అమ్ముకుంటున్నారని అనిపించింది, కొందరికి వాడు ముందే చెప్పాడని అనిపించింది. ఇంగ్లండు అమ్మకాల పట్టికలో ఆల్బం ఆరో స్థానానికి ఎక్కింది.

మా మాట వేరు. అది చావు ఉత్తరం కాదు. నలుగురు కుర్రాళ్లు, అందరికంటే పెద్దవాడికి ఇరవై నాలుగేళ్లు, పట్టుగా చేసిన పని. స్టీఫెన్ మోరిస్ డ్రమ్ములు వినండి. ఐసోలేషన్ అనే పాటలో సింథసైజరు మీద ఉరకడం వినండి, కాళ్లు ఊరికే ఉండవు. చివరి రెండు పాటలు, ది ఎటర్నల్, డెకేడ్స్, నెమ్మదిగా నడుస్తాయి, పియానో, సింథసైజరు పొగమంచులా కమ్ముతాయి. ఆ మంచు తెచ్చినవాడు మార్టిన్ హానెట్ అనే రికార్డింగు నిపుణుడు. ప్రతి శబ్దాన్నీ విడిగా పట్టి, దానికి ఎంత దూరం కావాలో అంత దూరంలో నిలబెట్టేవాడు. చావబోయేవాడి మాటల కోసమైతే ఇంత పని అక్కర్లేదు. బతకబోయేవాళ్లే ఇంత జాగ్రత్తగా చేస్తారు.

ఉస్మానియా క్యాంపస్‌లో ఉండి ఈ సంగతి ఊరికే అనలేదు. మేము రోజూ ఎన్‌సీసీ గేటు మీదుగా నడిచాం. 2010 ఫిబ్రవరిలో సిరిపురం యాదయ్యని తెలంగాణ ఉద్యమం పోగొట్టుకున్నది ఆ గేటు దగ్గర. పంతొమ్మిదేళ్ల పిల్లోడు. మేము వచ్చిన మరుసటి జనవరిలో, 2016లో, నగరం ఇంకో చివర విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల పోయాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. రోహిత్ చివరి ఉత్తరం చదవనివాళ్లు లేరు. కానీ దానికి ముందు ఏళ్లపాటు వాడు రాసినవి ఉన్నాయి, పుస్తకంగా కూడా వచ్చాయి. నక్షత్రాల గురించి ఇష్టంగా రాసే మనిషి, జోకులు వేసే మనిషి, గట్టిగా వాదించే మనిషి అందులో ఉన్నాడు. అవి చదివినవాళ్లు ఎంతమంది? బొమ్మ పోస్టరు మీద పెద్దదయ్యేకొద్దీ మనిషి చిన్నవాడైపోతాడు. ఇలా అన్నామని మాతో గొడవ పెట్టుకున్న స్నేహితులున్నారు. ఉద్యమానికి పోస్టరు కావాలి, నిజమే. కానీ మా హాస్టల్లో ఒంటరిగా ఉన్న పిల్లోడు ఆ పోస్టరుని చూసి ఏం అనుకుంటాడన్నది కూడా ప్రశ్నే.

మా నాలుగోవాడు అప్పట్లో కోయమాటలో పాటలు కట్టేవాడు, తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒక సాయంత్రం తార్నాక చాయ్ దుకాణం వెనక గోడ మీద కూర్చుని ఒకటి పాడాడు. నీళ్లు, చీకటి, ఇంటికి పోలేని మనిషి, అలాంటి పాట. మేము అర్థం చెప్తుంటే మిజో మిత్రుడు విన్నాడు. మెచ్చుకోలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి సూటిగా అడిగాడు:

"భాయ్, ఇది కథా? నీ సంగతా?"

మావాడు నవ్వి ఊరుకున్నాడు. వాడు మళ్లీ అడిగాడు. "నేను పాట బాగుందా లేదా అనట్లేదు. నువ్వు బాగున్నావా అని అడుగుతున్నా."

అప్పుడు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఆ రాత్రి నలుగురం ఒకే చోట పడుకున్నాం, మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఫిట్స్ మందు మార్చారు, మనసుకి కూడా మందు ఇచ్చారు. రెండూ జబ్బులే, రెండిటికీ మందులున్నాయని ఆ డాక్టరమ్మ చెప్పిన తీరు, కోయపిల్లోడితో ఆమె "నువ్వు చెప్పు నాన్నా" అన్న తీరు మాకు గుర్తుంది. ఇప్పుడైతే ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ ఫోను ఉంది, 14416. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. బడి గోడ మీద రాయించండి.

మిజో మిత్రుడు ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో తర్వాత చెప్పాడు. జాయ్ డివిజన్‌లో మిగిలిన ముగ్గురూ ఏళ్లతరబడి చెప్పుకున్న మాట ఒకటే: వాడి మాటలు మేము పట్టించుకోలేదు, పాటలే కదా, ఎవరి గురించో రాస్తున్నాడనుకున్నాం అని. స్టూడియోలో పక్కనే ఉన్నారు, రాత్రీ పగలూ కలిసి ఉన్నారు, చెడ్డవాళ్లు కాదు. కుర్రాళ్లు, పని మీద ఉన్నారు. వాడిని అడిగితే బాగానే ఉన్నానన్నాడు. మరో పాటకి వెళ్లిపోయారు. మేము వాళ్లని తప్పుపట్టలేం. కానీ మిజో మిత్రుడు ఆ కథ తెలిసినవాడు కాబట్టే రెండోసారి అడిగాడు.

ఏటూరునాగారం వాడు ఎప్పుడూ అంటాడు, మన దగ్గర పాట ఒక్కడిది కాదు కాబట్టి ఈ తిప్పలు తక్కువని. కొంత నిజమే. వాళ్ల ఊళ్లో చావు డోలు దెబ్బ వేరు, పెళ్లి డోలు దెబ్బ వేరు. చావు దెబ్బ వినపడితే పక్క ఊళ్లవాళ్లు గిన్నెలు దించి, బియ్యం మూటగట్టుకుని బయల్దేరతారు. ఏడవడం, వండటం, పాడటం, రాయి నిలబెట్టడం, అందరికీ తలా ఒక పని ఉంటుంది. స్టాలియెనో సమాధిలో ఏడ్చేవాళ్లు రాయి, మన దగ్గర ఏడ్చేవాళ్లు మనుషులు. మణుగూరు దగ్గరి కూనవరం గ్రామపు సకిని రామచంద్రయ్య తాతకి 2022లో పద్మశ్రీ వచ్చింది. కంచుమేళం వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడేవాడు. 2024 జూన్‌లో పోయాడు. ఆయన పాటలో ఆయన చావుని ఎవరూ వెతకలేదు. ఆ కథ ఆయనకి ముందూ ఉంది. ఆయనకి తర్వాత ఎవరు పాడతారన్నదే మా దిగులు.

అయితే ఏటూరునాగారం వాడి మాటని మేమిద్దరం పూర్తిగా ఒప్పుకోం. పట్నం వచ్చిన పిల్లలకి డోలు వినపడదు. గదిలో ఒక్కడే ఫోను పట్టుకుని పాడుకుంటాడు. వాడి పాట వాడిదే అవుతుంది, ఒంటరిగానే అవుతుంది. క్లోసర్ లాంటి పాటలు మనకి అక్కడ పనికొస్తాయి. చీకటిని ముట్టుకోవడానికి భయపడని పాటలు అవి. వింటే ఇంకొకడు కూడా ఇలా ఉన్నాడన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం చాలు, ఆ మనిషిలాగా అవ్వక్కర్లేదు. తార్నాకలో టీషర్టుల బండి మీద మొదటి ఆల్బం అట్ట ఉన్న టీషర్టు దొరుకుతుంది, నల్లని బట్ట మీద కొండల్లాంటి తెల్ల గీతలు. ఏమిటో తెలియకుండానే కొంటారు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సర్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో సంకేతాల గీతలు అవి. మాలో ఒకడు రెండు వందలకి కొన్నాడు. వాళ్ల అమ్మ చూసి మన గుట్టలే కదా అంది.

బ్యాండులో మిగిలిన ముగ్గురు ఏం చేశారన్నది ఎక్కువమంది అడగరు. నలుగురిలో ఎవరు లేకపోయినా ఆ పేరు వాడకూడదని ముందే మాట అనుకున్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. న్యూ ఆర్డర్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. పాడేవాడు లేడు కాబట్టి ముగ్గురూ మార్చిమార్చి పాడి చూసి, చివరికి సమ్నర్ పాడటం నేర్చుకున్నాడు. కర్టిస్‌తో కట్టిన ఆఖరి పాటలనే 1981లో తమ మొదటి రికార్డుగా తెచ్చారు. మోరిస్ స్నేహితురాలు గిలియన్ గిల్బర్ట్ కీబోర్డుకి వచ్చింది. నెమ్మదిగా వాళ్ల పాటలు జనం ఆడే పాటలయ్యాయి. మా నాలుగోవాడికి క్లోసర్ కన్నా ఈ కథే ఎక్కువ ఇష్టం.

వాడు ఇప్పుడు ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో పంతులు. రాత్రి మాత్ర తప్పడు. 2021లో పిల్లలతో కలిసి ఐదు పాటలు ఫోనులో రికార్డు చేసి మాకు పంపాడు. డోలు మోతలో పిల్లల గొంతులు మునిగిపోయాయి, ఒక్క మాట తెలియలేదు. పోయినేడు రెండోసారి చేశాడు, ఏడు పాటలు. దాన్ని రెండో ఆల్బం అని మేమే అంటాం, వాడు అనడు. ఈసారి డోలు కొట్టే పిల్లోడిని తడిక అవతల, చింతచెట్టు కింద నిలబెట్టాడట. ఫోనుని పాడే పిల్లల దగ్గర, స్టీలు గ్లాసు లేకుండా, మడతపెట్టిన దుప్పటి మీద పెట్టాడట. డోలు దూరంగా, గుట్ట అవతల నుంచి వచ్చినట్టు వినపడుతుంది. గొంతులు మాత్రం చెవి దగ్గర ఉన్నాయి. మూడో పాట మధ్యలో ఒక చిన్నపిల్లకి నవ్వొస్తుంది, పక్కపిల్ల ఉష్ అంటుంది. తీసేయమని ఉట్నూరు వాడు అన్నాడు. "ఉండనీ బావా, అదే బాగుంది" అని వాడు దాన్ని అట్లాగే ఉంచాడు.